థైరాయిడు గ్రంథియు, దారి తప్పిన దేహరక్షణయు

నాందేడు పట్టణమునందును, ఇచ్చటినుండి గోదావరి తూర్పుగా సాగిపోవు వైపున తరతరములుగా తెలుగు మాటాడుచు బ్రదుకుచున్న ధర్మాబాదు, బిలోలి, దెగ్లూరు ప్రాంతములయందును, తెల్లవారగనే ముఖము కడిగికొని, పొయ్యిమీద చాయ పొంగుటకు ముందే, ఒక చిన్న తెల్లని మాత్రను గ్లాసెడు నీళ్లతో మ్రింగు స్త్రీలు ఈనాడు ప్రతి వీధిలోను కనబడుచున్నారు. ఆ మాత్ర థైరాక్సిన్. మనవారు దానిని థైరాయిడు గోలీ యందురు. "ఈ జబ్బు నీకేల వచ్చినదమ్మా?" యని వారిలో ఎవరినైన అడిగినచో, "నా ఒంట్ల ఇమ్యూనిటీ తక్కువున్నదట" అని ఒకరును, "ఉప్పుల అయొడిన్ సరిపోలేదట" అని వేరొకరును చెప్పుదురు. మొదటి మాట పొరపాటు. రెండవ మాట ఒకప్పుడు మన దేశములో కోట్లకొలది జనమునకు సత్యమై, నేడు అయొడిన్ ఉప్పు తినుచున్న ఇండ్లలో చాలమందికి అన్వయింపనిది.

ఆహారమున అయొడిన్ చాలినంత దొరకు దేశములలో థైరాయిడు గ్రంథి మందగించుటకు ముఖ్యకారణము, మన దేహమును సూక్ష్మజీవులనుండి కాపాడవలసిన రక్షణవ్యవస్థయే ఆ గ్రంథిని పరాయిదిగా భావించి దానిపై తిరుగబడుట. అనగా ఈ వ్యాధి రక్షణశక్తి లోపించుటచేత వచ్చినది కాదు; ఆ శక్తికి సహజముగా ఉండవలసిన నిగ్రహము సడలుటచేత వచ్చినది. ఈ భేదమును గ్రహింపని కారణముననే మనలో అనేకులు అక్కరలేని కషాయములు త్రాగుచు, అక్కరగల మాత్రను మానివేయుచున్నారు గనుక, దీనిని గూర్చి కొంత విపులముగా మనవి చేసెదను.

పాఠ్యపుస్తకములు అవటు గ్రంథియని పేర్కొను ఈ థైరాయిడు, మెడ ముందుభాగమున, కంఠమణికి దిగువను, వాయునాళమును ఇరుప్రక్కల హత్తుకొని యుండును. పెద్దవారిలో దాని బరువు 15 నుండి 20 గ్రాములు. దాని నిండ సూక్ష్మములైన తిత్తులుండును. ఆ తిత్తులలో థైరోగ్లోబ్యులిన్ అను మాంసకృత్తు చిక్కని ద్రవముగా నిలువయుండును. రక్తములోనుండి అయొడినును గ్రంథికణములు తమలోనికి లాగుకొనగా, పెరాక్సిడేజు అను ఎంజైము దానిని ఆ మాంసకృత్తునకు జతపరచును. అట్లు నాలుగు అయొడిన్ పరమాణువులతో నొకటియు, మూడింటితో నొకటియు, రెండు హార్మోనులు తయారగును. రక్తపరీక్ష చీటీలలో టి4, టి3 అని కనబడునవి ఇవియే. ఈ రెండును దేహములోని ప్రతి కణమునకు చేరి, అది ఎంత వేగముగా పనిచేయవలయునో నిర్ణయించును. గుండె కొట్టుకొను వేగము, ఒంటి వెచ్చదనము, మలవిసర్జనము, స్త్రీల నెలసరి, గర్భస్థశిశువు యొక్క మెదడు పెరుగుదల, ఇవన్నియు వాటి వశములో నున్నవి. ఆ రెండింటి పాళ్లు తగ్గినపుడు, మెదడు అడుగున నున్న పీయూషగ్రంథి టి.ఎస్.హెచ్. అను వేరొక హార్మోనును హెచ్చుగా పంపి, థైరాయిడును తొందరపెట్టును. టి.ఎస్.హెచ్. పెరిగినదనగా థైరాయిడు అలసినదని గ్రహింపవలయును. ఇంకొక విశేషము: ఈ గ్రంథిలో రెండు మూడు నెలలకు సరిపోవు హార్మోను నిలువ యుండుటచేత, అది దెబ్బతిన్న సంగతి దేహమునకు వెంటనే తెలియదు. రోగి తన వ్యాధి ఏనాడు మొదలైనదో చెప్పజాలకుండుటకు ఇది యొక కారణము.

ఇక రక్షణవ్యవస్థ. రేపు ఏ దేశమునుండి ఏ క్రిమి వచ్చునో ముందుగా తెలియదు. తెలియని శత్రువును గుర్తింపగల కణములను సిద్ధముగా ఉంచవలయును. అందుకై ప్రకృతి ఎంచుకొన్న మార్గము మిక్కిలి సాహసికమైనది. లింఫోసైట్లు అను రక్తకణములు పుట్టునపుడు, వాటిలోని కొన్ని జన్యుఖండములు యాదృచ్ఛికముగా కలగలిసి, ప్రతి కణమునకును వేరువేరు గ్రాహకములను ఏర్పరచును. అట్లు కోటానుకోట్ల రూపములు పుట్టినపుడు, వాటిలో కొన్ని క్రిములకుగాక మన సొంత దేహభాగములకే సరిపోవుట అనివార్యము. కాబట్టి రొమ్ముటెముక వెనుకనున్న థైమస్ గ్రంథిలో వాటికి కఠినమైన పరీక్ష జరుగును. అచ్చటి కణములు ‘ఏర్’ అను జన్యువు సాయముతో దేహములోని నానా అవయవముల మాంసకృత్తులను కొద్దికొద్దిగా తయారుచేసి ప్రదర్శించును. థైరోగ్లోబ్యులిన్ సైతము అందులో నొకటి. ఏ లింఫోసైటు వాటిని చూచి గట్టిగా అంటుకొనునో అది అక్కడనే నశించును. ఇంత కఠినమైనను ఈ పరీక్షను తప్పించుకొని వెలుపలికి వచ్చునవి ప్రతి మనుష్యునిలోను కలవు, ఆరోగ్యవంతులలోను కలవు. వాటిని వెలుపల అదుపులో ఉంచుటకు వేరొక కణసమూహము నియోగింపబడి యున్నది. దానిని గూర్చి తరువాత చెప్పెదను. ఏలయనగా అది లోకమునకు తెలియుటలో థైరాయిడునకును భాగమున్నది.

దేహము తనపై తాను దాడిచేయుననుటను పందొమ్మిదవ శతాబ్ది ముగియునాటి పండితులు అంగీకరింపలేదు. జర్మనీలో పాల్ ఎర్లిక్ అను మహావిద్వాంసుడు మేకలకు ఇతర మేకల రక్తమును ఎక్కించి చూడగా అవి ఆ రక్తమునకు విరుద్ధముగా ప్రతిరక్షకములను, అనగా నేటి పరీక్షాలయములవారు యాంటీబాడీలని వ్రాయువానిని, తయారుచేసెను గాని, తమ సొంత రక్తమునకు విరుద్ధముగా చేయలేదు. దేహమునకు ఆత్మహననమనిన భయముండునని ఆయన భావించెను. ఆ మాటకున్న గౌరవమువలన దాదాపు అర్ధశతాబ్దము దానిని ఎదిరించువారు అరుదైరి.

ఆ కాలముననే, 1912లో, జపానుదేశమున క్యూషూ విశ్వవిద్యాలయములో శస్త్రచికిత్స నేర్చుచుండిన హకారు హషిమోటో అను ముప్పదియొక్క సంవత్సరముల యువకుడు, నలుగురు స్త్రీల మెడలనుండి తీసిన థైరాయిడు ముక్కలను పరీక్షించి, అవి లింఫోసైట్లతో నిండియున్న విచిత్రమును జర్మను భాషలో సవివరముగా ప్రకటించెను. ఆ వ్యాసమును ఆనాడు పట్టించుకొన్నవారు కొద్దిమంది. ఆయన జర్మనీకి పోయి చదువుచుండగా మొదటి ప్రపంచయుద్ధము వచ్చుటచే తిరిగివచ్చి, తన స్వగ్రామమైన ఇగాలో పల్లెవైద్యుడై, 1934లో టైఫాయిడు సోకి మరణించెను. తన పేరు లోకమంతట ప్రతి వైద్యునినోటను మెలగునని ఆయనకు తెలియదు. ఈనాడు మన పల్లెలలో సైతము పరీక్ష చీటీపై హషిమోటో అని వ్రాయుచున్నారు గదా, ఆ గ్రామవైద్యుని పేరే అది.

1956వ సంవత్సరము మన ప్రాంతమువారికి మరువరానిది. ఆ నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాష్ట్రము విడిపోయి, నాందేడు జిల్లా బొంబాయి రాష్ట్రములో చేరెను. ముధోలు, భైంసా, కుబీరు సర్కిళ్లును, బిచ్కుంద, జుక్కలు సర్కిళ్లును ఇచ్చటినుండి విడివడి ఆంధ్రప్రదేశమునకు పోయెను. ఆదిలాబాదునకు చెందియుండిన కిన్వట తాలూకా మనవైపు వచ్చెను. సరిహద్దు గీత కుటుంబముల నడుమనుండి పోయిన ఆ సంవత్సరముననే, ఒకరి సంగతి ఒకరెరుగని పరిశోధకులు మూడు దేశములలో థైరాయిడును గూర్చి ఒకే సత్యమును మూడు ప్రక్కలనుండి తాకిరి.

లండనులో డెబోరా డోనియాక్ అను వైద్యురాలు హషిమోటో వ్యాధిగ్రస్తుల రక్తములో గామా గ్లోబ్యులిన్ అధికముగా ఉండుటయు, శస్త్రచికిత్సచేత గ్రంథిని తీసివేసిన పిమ్మట అది తగ్గుటయు గమనించెను. ప్రతిరక్షకములన్నియు ఆ గామా గ్లోబ్యులిన్ లోనివే. గ్రంథి పోగా అవి తగ్గినవనిన, వాటిని పురికొల్పుచుండినది గ్రంథియే కావలయును గదా! ఐవాన్ రాయిట్, పీటర్ క్యాంప్‌బెల్ అనువారితో కలసి, రోగి రక్తరసమును థైరాయిడు సారమును ఎదురెదురుగా ఉంచి చూడగా, రెండును కలసిన చోట తెల్లని గీత యేర్పడెను. రోగి రక్తములో రోగి గ్రంథికే విరుద్ధమైన ప్రతిరక్షకములున్నవని ఆ గీత సాక్ష్యమిచ్చెను.

అమెరికాలో బఫెలో నగరమున నోయల్ రోజ్ అను యువకుడు, ఎర్నెస్ట్ విటెబ్‌స్కీ యను తన ఆచార్యునితో కలసి చేసిన పని ఇంతకంటెను ధైర్యమైనది. కుందేలు థైరాయిడులో సగము కోసి తీసి, దానిని నూరి సారము చేసి, ఆ కుందేలునకే సూదిమందుగా ఇచ్చి చూచిరి. కొంతకాలమునకు దేహములో మిగిలియున్న రెండవ సగము లింఫోసైట్లతో నిండి హషిమోటో వర్ణించిన రూపమును దాల్చెను. విటెబ్‌స్కీ ఎర్లిక్ శిష్యపరంపరలోనివాడు. తన గురువుల సిద్ధాంతము తన చేతిమీదుగా కూలుట చూచి, మరల మరల పరీక్షించి గాని ఒప్పుకొనలేదు. ఆయన సందేహమును నేను గౌరవించుచున్నాను. అట్టి సందేహము మీద నిలిచిన ఫలితమే గట్టిది. మూడవది న్యూజీలాండులోని డునెడిన్ పట్టణమున ఆడమ్స్, పర్వెస్ అనువారు కనుగొన్నది: గ్రంథి మితిమీరి పనిచేయు రోగుల రక్తములో టి.ఎస్.హెచ్. కానిది, దానికంటె చాలసేపు థైరాయిడును ప్రేరేపించు పదార్థమొకటి యున్నదని వారు గినీపిగ్గులపై నిరూపించిరి. అదియు ప్రతిరక్షకమేయని పిమ్మట తేలినది.

హషిమోటో చూచినది మీ మనస్సునకు కట్టునట్లు చెప్పవలయునన్న, ఆరోగ్యముగానున్న థైరాయిడునుండి సన్నని పొర కోసి రంగువేసి సూక్ష్మదర్శినిలో ఉంచినచో, గులాబివన్నె ద్రవముతో నిండిన గుండ్రని తిత్తులు ఒకదాని నొకటి ఒరసికొని, చుట్టును ఒకే వరుస కణములతో తీరుగా కనబడును. వ్యాధిగ్రస్తమైన గ్రంథిలో ఆ తీరు చెడియుండును. తిత్తులు కుంచించుకొనిపోయి, ద్రవము తరిగి, వాటి నడుమ ముదురు నీలి చుక్కలవలె లింఫోసైట్లు దట్టముగా క్రమ్ముకొనును. కొన్నిచోట్ల అవి గుండ్రముగా గుమిగూడి, నడుమ లేతరంగు కేంద్రములు గలిగి, చంకలలోను గజ్జలలోను ఉండు లింఫుగ్రంథులే ఇచ్చటికి తరలివచ్చినవా యనిపించును. మిగిలిన థైరాయిడు కణములు ఉబ్బి, ఎర్రని రేణువులతో నిండియుండును. గ్రంథిని చంపునవి ప్రధానముగా ఆ లింఫోసైట్లే. పెరాక్సిడేజుపైన, థైరోగ్లోబ్యులిన్‌పైన పుట్టు ప్రతిరక్షకములు దాడి జరుగుచున్నదనుటకు ముఖ్యముగా సాక్షులు. ఈ తేడా తెలిసినచో, ఆ ప్రతిరక్షకముల అంకె వేయి యున్నదనియో రెండువేలున్నదనియో కలవరపడి ప్రతినెల పరీక్ష చేయించుకొనుట అనవసరమని బోధపడును.

దీనికి ప్రతికూలముగా నుండు సోదరవ్యాధి యింకొకటి. డబ్లిన్ నగరవైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ 1835లో వర్ణించుటచే ఆయన పేర పిలువబడు ఆ వ్యాధిలో, ప్రతిరక్షకములు గ్రంథిని చంపవు, టి.ఎస్.హెచ్. కూర్చుండవలసిన స్థానముననే కూర్చుండి, ఎడతెగని ఆజ్ఞ నిచ్చును. పీయూషగ్రంథి తన వంతు ఆజ్ఞను పూర్తిగా నిలిపివేసినను థైరాయిడు విశ్రమింపదు. గుండె దడదడలాడును, చేతులు వణకును, ఎంత తిన్నను ఒళ్లు తగ్గును, కొందరికి కనుగ్రుడ్లు వెలికి పొడుచుకొని వచ్చును. పొగత్రాగువారికి ఆ నేత్రవ్యాధి మరింత తీవ్రమగును. గర్భవతి రక్తములోని ఈ ప్రతిరక్షకములు మావిని దాటి శిశువును చేరగలవు గనుక, తల్లి థైరాయిడును ఎన్నడో తీసివేసియున్నను, పుట్టిన బిడ్డకు కొన్ని వారములు గ్రేవ్స్ వ్యాధి కనబడవచ్చును. తల్లినుండి వచ్చిన ప్రతిరక్షకములు హరించిన పిదప బిడ్డ కుదుటపడును. వ్యాధికి మూలము గ్రంథియందు గాక రక్తమునందున్నదనుటకు ఇంతకు మించిన నిదర్శనము నాకు తోచదు.

మనవారు ఇట్టి సందర్భమున కంచె చేను మేసినదందురు. ఆ సామెత ఇచ్చట నాకు సరిపడదు. చేను మేసిన కంచె ధర్మము తప్పినది. ఈ లింఫోసైట్లు మాత్రము తమ ధర్మమును శ్రద్ధతో నెరవేర్చుచున్నామనియే యున్నవి. వాటికి లోపించినది ఆపువారు. జపానులో కొందరు పరిశోధకులు పుట్టిన మూడవనాడు చిట్టెలుకలకు థైమస్ తీసివేయగా, వాటి రక్షణశక్తి తగ్గుటకు మారుగా, అవి తమ అవయవములపై తామే దాడిచేసికొన్నవి. షిమోన్ సకాగుచి యను వైద్యుడు ఈ విపరీతమును పట్టుకొని ఏండ్ల తరబడి శ్రమించి, ఇతర లింఫోసైట్లను అదుపులో ఉంచు నియామక కణములను 1995లో గుర్తించెను. ఆ కణములు లేని లింఫోసైట్లను చిట్టెలుకలలో ప్రవేశపెట్టినపుడు వాటికి సంభవించిన వ్యాధులలో థైరాయిడు శోథ యొకటి. 2025లో ఆయనకును, అమెరికావారైన మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ అను ఇరువురకును వైద్యశాస్త్రమున నోబెల్ బహుమానము వచ్చినది ఈ విషయముననే.

ఇంత తెలిసిన పిమ్మట "ఇమ్యూనిటీ పెంచు" మందులను గూర్చి ఏమనుకొనవలయును? కోవిడ్ మహమ్మారి కాలమున మనయిండ్లలో తిప్పతీగ కషాయము, మరాఠీవారు గుళవేల్ అనునది, నెలల తరబడి కాచి త్రాగిరి. 2021లో ముంబయి వైద్యులు అట్లు త్రాగిన ఆరుగురికి కాలేయము చెడిన సంగతిని ప్రకటించి, ఆ శోథ స్వదేహముపై దాడియొక్క లక్షణములు గలదని వ్రాసిరి. ఆయుష్ మంత్రిత్వశాఖ వారి నిర్ణయముతో ఏకీభవింపలేదు. ఆ వివాదమును తీర్చుట నా పని కాదు. కాని థైరాయిడుపై ఇదివరకే తిరుగబడియున్న రక్షణవ్యవస్థగలవారు, దానిని ఇంకను రెచ్చగొట్టెదమని చెప్పు పొడులకును కషాయములకును దూరముగా నుండుట వివేకమని నా దృఢాభిప్రాయము.

ఈ నిగ్రహము కొందరిలోనే సడలనేల? వంశమున ఈ గుణము ప్రాకును. తల్లికున్నచో కూతునకును, అక్కకున్నచో చెల్లెలికిని వచ్చుట తరచు. బొల్లియు, బాల్యమున ఇన్సులిన్ అవసరపడు మధుమేహమును ఉన్న కుటుంబములలో ఇది హెచ్చు. పురుషులకంటె స్త్రీలకు చాలరెట్లు అధికముగా వచ్చును. 2013లో ప్రకటితమైన ఒక పరిశీలనలో, హైదరాబాదు, ముంబయిలతో చేరి ఎనిమిది నగరములలో 5,376 మంది పెద్దలను పరీక్షింపగా, నూటికి సుమారు 11 మందికి హార్మోను కొరతయు, సుమారు 22 మందికి పెరాక్సిడేజుపై ప్రతిరక్షకములును కనబడెను. ఈ రెండంకెల నడుమనున్న వ్యత్యాసమును గమనింపుడు. ప్రతిరక్షకములున్నవారందరు రోగులు కారు. ఇంగ్లండులో ఇరువది సంవత్సరములు సాగిన విక్‌హామ్ పరిశీలనలో, ప్రతిరక్షకములు మాత్రమే యున్న స్త్రీలలో ఏటేట నూటికి ఇద్దరును, దానికితోడు టి.ఎస్.హెచ్. కూడ పెరిగియున్నవారిలో నూటికి నలుగురును రోగులైరి. మొదటి తరగతివారికి కావలసినది భయము కాదు, సంవత్సరమునకొక రక్తపరీక్ష.

అయొడిన్ సంగతి చెప్పకుండ ఈ ప్రసంగము పూర్తికాదు. 1956లోనే, హిమాలయముల దిగువనున్న కాంగ్రా లోయలో, లక్షకు పైగా జనము గల గ్రామములను మూడు మండలములుగా విభజించి, రెండింటికి అయొడిన్ చేర్చిన ఉప్పును, ఒకదానికి మామూలు ఉప్పును సరఫరా చేయు మహాపరిశీలన ప్రారంభమయ్యెను. దానికి నాయకులలో ముఖ్యుడు శ్రీకాకుళమున 1921లో పుట్టి, విశాఖపట్టణపు ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, తరువాత ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు అధిపతియైన వులిమిరి రామలింగస్వామిగారు. ఆరేండ్లలో అయొడిన్ ఉప్పు తిన్న మండలముల పిల్లలలో గొంతువాపు సుమారు సగమునకు తగ్గెను. మామూలు ఉప్పు తిన్న మండలమున తగ్గలేదు. 1962లో ప్రభుత్వము గొంతువాపు నివారణ పథకమును చేపట్టెను; 2006నుండి తినుటకు అయొడిన్ లేని ఉప్పును అమ్మరాదను నిషేధము దేశమంతట అమలులోనున్నది. ఇంటికి చేరిన ఉప్పులో గ్రామునకు 15 మైక్రోగ్రాముల అయొడిన్ ఉండవలయును. పెద్దవారికి దినమునకు కావలసినది 150, గర్భిణికి 250 మైక్రోగ్రాములు.

అయొడిన్ అధికమైనచో దేహరక్షణ రెచ్చునా? కొంతవరకు నిజమే. అయొడిన్ హెచ్చుగా చేరిన థైరోగ్లోబ్యులిన్ లింఫోసైట్ల దృష్టిని సులభముగా ఆకర్షించును. చైనాలో మూడు ప్రాంతములను పోల్చి 2006లో ప్రకటించిన పరిశీలనలో, అయొడిన్ అవసరమునకు మించి అందిన జనములో థైరాయిడు శోథ ఎక్కువగా కనబడెను. ఈ వార్తను సగము విని, మనవారు కొందరు అయొడిన్ ఉప్పును మాని సైంధవలవణమునకో, పూర్వపు దొడ్డుప్పునకో మరలుచున్నారు. ఇది నన్ను మిక్కిలి బాధించుచున్నది. అయొడిన్ చాలని తల్లికడుపున పెరుగు శిశువు మెదడునకు కలుగు నష్టము జీవితాంతము తీరదు. హషిమోటో వ్యాధి యన్ననో ఒక మాత్రతో అదుపులో నుండును. ఈ రెండింటిని తూచి చూచినచో రామలింగస్వామిగారు చూపిన దారియే మనది. చేయవలసినదెల్ల, ఉప్పును పొయ్యి ప్రక్క మూతలేని జాడీలో ఉంచక, తడి తగులని డబ్బాలో ఉంచుటయు, సముద్రపు నాచు మాత్రలవంటి అయొడిన్ మందులను సొంతముగా మ్రింగకుండుటయు.

మాత్రను గూర్చి కొన్ని మాటలు. థైరాక్సిన్ ఖాళీ కడుపున, చాయకైనను ఫలాహారమునకైనను అరగంట ముందు వేసికొనవలయును. బలమునకై ఇచ్చు ఇనుపమాత్రలు, క్యాల్షియం మాత్రలు దానికి నాలుగు గంటలు ఎడముగా ఉండవలయును, లేనిచో అవి థైరాక్సినును ప్రేగులలోనే పట్టివేయును. ఈ హార్మోను దేహములో సగమగుటకే ఏడు దినములు పట్టును గనుక, మోతాదు మార్చిన ఆరు నుండి ఎనిమిది వారములకు గాని టి.ఎస్.హెచ్. నిజము చెప్పదు. ఒళ్లు తేలికపడినదని మాత్ర మానినచో, గ్రంథి కోలుకొనలేదు గనుక, పాత లక్షణములు నెమ్మదిగా తిరిగివచ్చును. గ్రేవ్స్ వ్యాధికి కార్బిమజోల్ వాడువారికి ఒక్క హెచ్చరిక: గొంతునొప్పి, జ్వరము వచ్చినచో ఆ మాత్ర నిలిపి, ఆనాడే తెల్లరక్తకణముల పరీక్ష చేయించుకొనవలయును, ఆలస్యము ప్రాణాపాయము.

ఈ వ్యాధిగల స్త్రీలను ఇండ్లలో బద్ధకస్తులని నిందించుట నేను వినుచున్నాను. కాన్పు జరిగిన సంవత్సరములో ఈ అన్యాయము మరింత హెచ్చు. గర్భకాలమున తల్లి రక్షణవ్యవస్థ శిశువును సహించుటకై తనంతట తాను తగ్గియుండి, ప్రసవానంతరము ఒక్కమారుగా విజృంభించును. అప్పుడు కొందరు తల్లులకు గ్రంథి శోథపడి, నిలువయున్న హార్మోను మొదట కారిపోవుటచే గుండెదడ, చిరాకు కలుగును. కొన్ని నెలలకు కొరతపడి, నిద్రమత్తు, దిగులు, జుట్టు రాలుట సంభవించును. బాలింత నీరసమని అందరు త్రోసిపుచ్చుదురు. చాలమందికి సంవత్సరములోపల అది మానును. కొందరికి శాశ్వతముగా నిలిచిపోవును. ఏది ఏ దారి పట్టినదో ఒక్క టి.ఎస్.హెచ్. పరీక్ష తెలుపును.

ఇదివరకే థైరాక్సిన్ వాడుచున్న స్త్రీ గర్భవతియైనదని తెలిసిన దినముననే, తొమ్మిదవ నెలవరకు ఆగక, వైద్యునికి చెప్పవలయును. మొదటి నెలలలో శిశువు తల్లి హార్మోనుపైననే ఆధారపడియుండును గనుక, ఆ సమయమున మోతాదు నూటికి 25, 30 వంతులు పెంచవలసివచ్చుట సాధారణము. మన ప్రాంతమున కాన్పునకు ఆడపడుచులు సరిహద్దు దాటి పుట్టింటికి పోవుట వాడుక: నాందేడు కోడలు నిజామాబాదునకును, బిచ్కుంద కోడలు దెగ్లూరునకును పోవును. ఇచ్చట విష్ణుపురిలోని ప్రభుత్వ వైద్య కళాశాల ఆస్పత్రిలో మరాఠీలో వ్రాసియిచ్చిన చీటీ ఇంట మరచి, అచ్చటి డాక్టరు ఎదుట "ఏదో చిన్న గోలీ" యని చెప్పినచో, ఆమెకు ఎన్ని మైక్రోగ్రాముల మాత్ర ఇచ్చుచున్నారో, గ్రేవ్స్ వ్యాధియా హషిమోటో వ్యాధియా, ఆయనకు తెలియదు. బయలుదేరునపుడు బట్టల మూటతోపాటు మాత్రల సీసాను, చివరి టి.ఎస్.హెచ్. చీటీని, గ్రేవ్స్ వ్యాధి ఉన్నచో ప్రతిరక్షకముల చీటీని వెంట ఉంచుకొనుడు. బిడ్డ పుట్టిన పిదప, దాని థైరాయిడు సంగతి తెలిసికొనుటకై మడమనుండి తీయు రక్తపుచుక్క పరీక్షను ఆ డాక్టరునే అడుగుడు.